500 ఫిల్స్ నాణెం మీద ఆరు తెరచాపలు: అరబ్ తిరుగుబాట్ల తర్వాత ఎవరి చేతికి ఏం వచ్చింది?

ఉప్పుగాలి (చర్చ మొదలుపెట్టినవారు)

మొన్న అటక మీది సామాన్లు దించుతుంటే పాత షేవింగ్ డబ్బాలో బహ్రెయిన్ 500 ఫిల్స్ నాణెం ఒకటి దొరికింది. దాని మీద ఆరు తెరచాపలు పైకి లేచి ఒక ముత్యాన్ని మోస్తుంటాయి. నేను 2008 నుంచి 2013 దాకా మనామాలో ఏసీ మెకానిక్‌గా చేశాను. ఆ ముత్యం ఉన్న రౌండ్‌అబౌట్ చుట్టూ మా కంపెనీ బస్సు రోజుకి రెండుసార్లు తిరిగేది. అక్కడివాళ్లు ‘దువ్వార్ లూలూ’ అనేవాళ్లు. లూలూ అంటే ముత్యం. మా క్యాంపులో లూలూ అంటే సూపర్ మార్కెట్టే, అది వేరే విషయం.

2011 ఫిబ్రవరి 14న అక్కడ ప్రభుత్వం మీద నిరసనలు మొదలయ్యాయి, మర్నాడు జనం ఆ రౌండ్‌అబౌట్‌కి చేరి గుడారాలు వేశారు. టీలు, సమోసాలు, మైకులు, పిల్లల్ని భుజాల మీద ఎత్తుకున్న నాన్నలు. మొదట్లో వాళ్ల నినాదం ‘షియా కాదు, సున్నీ కాదు, బహ్రెయినీ’. మార్చి 14న సముద్రం మీది వంతెన దాటుకుని సౌదీ బలగాలు వచ్చాయి. 18న ఆ స్తంభాన్ని కూలగొట్టేశారు. కూలగొట్టేటప్పుడు ఒక ముక్క మీద పడి క్రేన్ నడిపే మనిషి చనిపోయాడు. అతనూ మాలాగే పొట్ట చేతబట్టుకుని వచ్చినవాడు. కొన్నాళ్లకి ఈ నాణేన్నీ చెలామణీ నుంచి తీసేశారు. ఆ చోట ఇప్పుడు సిగ్నళ్లున్న మామూలు కూడలి.

నాకు తర్వాత తెలిసిన సంగతి ఏంటంటే, ఆ స్తంభం కట్టిందే 1982లో గల్ఫ్ దేశాల కూటమి సమావేశం కోసం. ఆరు తెరచాపలు ఆరు దేశాలు. ఆ కూటమి పేరుతో దిగిన సైన్యం కాపలా ఉండగానే అది కూలింది.

నాకు చదువు తక్కువ. చూసింది చెప్పగలను గానీ ఎందుకలా జరిగిందో చెప్పలేను. ఇన్నేళ్లయింది కదా, ట్యునీషియా నుంచి సిరియా దాకా అంతమంది రోడ్డెక్కితే చివరికి ఎవరి చేతికి ఏం వచ్చింది? తెలిసినవాళ్లు రాయండి.

లెక్కల మాస్టారు

ఉప్పుగాలి గారూ, చదువు తక్కువ అంటూనే అసలు సంగతి రాసేశారు. నేను లెక్క వేసి చూపిస్తాను.

2011లో దిగిపోయినవాళ్లు: ట్యునీషియాలో బెన్ అలీ (23 ఏళ్లు), ఈజిప్టులో ముబారక్ (30 ఏళ్లు), లిబియాలో గడాఫీ (42 ఏళ్లు). యెమెన్‌లో సాలిహ్ (33 ఏళ్లు) 2012 ఫిబ్రవరిలో దిగాడు. అంతా గణతంత్ర దేశాలవాళ్లే. ఒక్క రాజూ దిగలేదు. కొడుక్కి గద్దె అప్పజెప్పడానికి ముబారక్, గడాఫీ, సాలిహ్ ముగ్గురూ దారి వేసుకుంటున్నారన్నది అక్కడ అందరికీ తెలిసిన ముచ్చటే. రాజు కొడుక్కి ఇస్తే ఆచారం, అధ్యక్షుడు ఇవ్వబోతే మోసం. జనానికి మండింది అక్కడే.

రెండోది డబ్బు. ఆ ఫిబ్రవరి, మార్చి నెలల్లో సౌదీ రాజు సొంత జనానికి జీతాలు, ఇళ్లు, ఉద్యోగాల కింద ప్రకటించింది సుమారు 13,000 కోట్ల డాలర్లు. బహ్రెయిన్‌కీ ఒమన్‌కీ చెరో 1,000 కోట్ల డాలర్లు ఇస్తామని గల్ఫ్ కూటమి మాటిచ్చింది. ట్యునీషియాకి ఆ భాగ్యం లేదు.

కొలిమి

మాస్టారూ, డబ్బే అయితే లిబియాలో చమురు లేదా? మొరాకో, జోర్డాన్ రాజుల దగ్గర చమురు ఉందా? మీ లెక్క అక్కడ తప్పింది.

నేను చూసేది తుపాకీ ఎవరి చేతిలో ఉంది, ఆ తుపాకీ పట్టినవాడు తనని తాను ఎవరనుకుంటున్నాడు అని. ట్యునీషియా సైన్యం చిన్నది, వ్యాపారాలు లేనిది, బెన్ అలీ కుటుంబంతో దానికి చుట్టరికం లేదు. అందుకే పక్కకి తప్పుకుంది. ఈజిప్టు సైన్యానికి సిమెంటు నుంచి మాకరోనీ దాకా ఫ్యాక్టరీలున్నాయి. అది ముబారక్‌ని వదులుకుంది గానీ ఫ్యాక్టరీలని వదులుకోలేదు. సిరియాలో కీలకమైన దళాల్లో అధ్యక్షుడు అసద్ సొంత వర్గమైన అలవీ అధికారులు ఎక్కువ, అతను పోతే తమ ఇల్లూ పోతుందని భయం. బహ్రెయిన్ అయితే ఇంకా విచిత్రం. జనంలో ఎక్కువమంది షియాలు, పోలీసుల్లోకి మాత్రం పాకిస్తాన్ నుంచీ, జోర్డాన్, యెమెన్‌ల నుంచీ సున్నీలని తెచ్చి చేర్చుకున్నారు. వాళ్లలో చాలామందికి పౌరసత్వం కూడా ఇచ్చారు. ‘మేం బహ్రెయినీలం’ అని అరుస్తున్నవాడి మీద లాఠీ ఎత్తినవాడు నిన్నగాక మొన్న బహ్రెయినీ అయినవాడు.

ఉప్పుగాలి

కొలిమి అన్నా, నువ్వన్నది నిజం. మా క్యాంపు గేటు దగ్గర చెక్‌పోస్టు పెట్టినప్పుడు ఉర్దూలో మాట్లాడిన పోలీసుకి నా బత్తాకా (అక్కడి గుర్తింపు కార్డు) చూపించాను. వాడు నవ్వి పొమ్మన్నాడు. నా వెనకే వచ్చిన స్థానిక కుర్రాణ్ణి కారు దింపి, ఏ ఊరని అడిగి అరగంట నిలబెట్టారు. ఊరి పేరు చెబితే చాలు, షియానో సున్నీయో తెలిసిపోతుంది. మా స్టోర్‌లో లెక్కలు రాసే అతను ఆ ఏప్రిల్ నుంచి రాలేదు. రౌండ్‌అబౌట్ దగ్గర తీసిన ఫొటోలో ఉన్నాడని ఉద్యోగం తీసేశారని చెప్పుకున్నారు. అలా వేలమంది ఉద్యోగాలు పోయాయి.

పసుపు చేను

ఇరానే చేయించిందని అప్పట్లో టీవీల్లో చెప్పారు కదా?

కొలిమి

బహ్రెయిన్ రాజే వేసిన విచారణ కమిషన్ ఒకటుంది. ఈజిప్టు న్యాయ పండితుడు షెరీఫ్ బస్సియూనీ దానికి అధ్యక్షుడు. 2011 నవంబరులో నివేదిక ఇచ్చారు. ప్రభుత్వం చూపిన ఆధారాల్లో ఇరాన్ చెయ్యి ఉన్నట్టు తేలలేదని అందులో రాశారు. అప్పటికే పని జరిగిపోయింది. ‘షియా కాదు, సున్నీ కాదు’ అన్నవాళ్లని ‘మీరు షియాలే’ అని పదేపదే అంటే ఏడాది తిరిగేసరికి అందరూ అదే లెక్కలో మాట్లాడటం మొదలుపెట్టారు. 2016లో పెద్ద ప్రతిపక్షం అల్ విఫాక్‌ని రద్దు చేశారు. షియా మతపెద్ద ఈసా కాసిం పౌరసత్వమే రద్దు చేశారు.

ఉప్పుగాలి

నా పాస్‌పోర్టు కంపెనీ బీరువాలో ఉందని ఐదేళ్లు కుమిలిపోయాను నేను. అక్కడే పుట్టినవాడికి దేశమే లేకుండా చేశారన్నమాట.

నల్ల కోటు

అందరూ సైన్యం, డబ్బు అంటున్నారు. నేను లాయర్ని కాబట్టి కాగితం వైపు నుంచి వస్తాను. ట్యునీషియా నాకిష్టమైన కేసు.

2010 డిసెంబరు 17న సీదీ బూజీద్ అనే చిన్న పట్నంలో బండి మీద పళ్లు, కూరగాయలు అమ్ముకునే మొహమ్మద్ బూఅజీజీ ఒంటికి నిప్పంటించుకున్నాడు. మున్సిపల్ సిబ్బంది అతని సరుకు, తూకం లాక్కున్నారు. 28 రోజుల్లో, జనవరి 14న, బెన్ అలీ విమానం ఎక్కి సౌదీ పారిపోయాడు. ఇదంతా అందరికీ తెలుసు. తర్వాత జరిగింది తక్కువమందికి తెలుసు.

రాజ్యాంగ సభకి ఎన్నికలు పెడితే 217 సీట్లలో ఇస్లామిక్ పార్టీ అన్నహ్దాకి 89 వచ్చాయి. రాజ్యాంగం రాయడం మొదలయ్యాక 2012 ఆగస్టులో ముసాయిదాలో ఒక మాట బయటపడింది: కుటుంబంలో స్త్రీ పురుషుడికి ‘పూరకం’ అని. సమానం అని కాదు, పూరకం అని. అంతే, ఆగస్టు 13న ట్యూనిస్ వీధుల్లోకి వేలమంది ఆడవాళ్లు వచ్చారు. ఆ తేదీకి లెక్కుంది: 1956లో ఆ రోజునే బహుభార్యాత్వాన్ని నిషేధించిన కుటుంబ చట్టం వచ్చింది. ఆ మాట పోయింది. 2014 రాజ్యాంగంలో పౌరులు, పౌరురాళ్లు సమానం అని రాశారు. ఈ మధ్యలో 2013లో ఇద్దరు వామపక్ష నాయకుల్ని, షుక్రీ బెలాయిద్‌ని, మొహమ్మద్ బ్రాహ్మీని కాల్చి చంపారు. దేశం అంచు దాకా వెళ్లింది. కార్మిక సంఘం, యజమానుల సంఘం, మానవ హక్కుల సంఘం, మా లాయర్ల సంఘం, ఈ నాలుగూ కూర్చోబెట్టి మాట్లాడించాయి. 2015 నోబెల్ శాంతి బహుమతి వాళ్లకే. యజమానీ కార్మికుడూ కలిసి నోబెల్ తీసుకోవడం ఎప్పుడైనా విన్నారా! (లాయర్లు కూడా ఉన్నారని మళ్లీ గుర్తు చేస్తున్నాను.)

పైపు ఫిట్టర్

అంత మంచి రాజ్యాంగం ఇప్పుడు ఎక్కడుంది మేడం?

నల్ల కోటు

చెత్తబుట్టలో. అందులో దాచేదేం లేదు.

2019లో అధ్యక్షుడిగా గెలిచిన కైస్ సయీద్ కూడా రాజ్యాంగ న్యాయం చెప్పిన అధ్యాపకుడే. 2021 జులై 25న పార్లమెంటుని స్తంభింపజేశాడు. ఆ తెల్లవారుజామున స్పీకర్ ఘన్నూషీ పార్లమెంటు గేటు దగ్గరికి వస్తే సైనికులు లోపలికి పోనివ్వలేదు. ఎనభై ఏళ్లాయన గేటు బయట కార్లో కూర్చుండిపోయాడు. రెండేళ్లు తిరగకుండానే, 2023 ఏప్రిల్లో, ఆయన్ని అరెస్టు చేశారు. 2022లో కొత్త రాజ్యాంగం మీద రెఫరెండం పెడితే ఓటేసింది ముగ్గురిలో ఒకరు కూడా కాదు. ఆ డిసెంబరులో పార్లమెంటు ఎన్నికలకి వచ్చింది 11 శాతం. 2024లో సయీద్ 90 శాతం పైగా ఓట్లతో మళ్లీ గెలిచాడు, వేసినవాళ్లు 30 శాతం లోపే.

నన్ను ఇప్పటికీ పీకుతున్నది వేరే విషయం. పార్లమెంటుకి తాళం పడిన రాత్రి ట్యూనిస్‌లో జనం కార్ల హారన్లు మోగిస్తూ సంబరం చేసుకున్నారు. పదేళ్లు రాజ్యాంగంలో మాటలకోసం కొట్టుకున్నాం, సీదీ బూజీద్‌లో ఉద్యోగం మాత్రం రాలేదు అన్న కోపం అది. మేం లాయర్లం ఆ సంగతి తట్టుకోలేం గానీ అదే నిజం.

లెక్కల మాస్టారు

అమ్మా, బాగా చెప్పారు. ఈజిప్టు నినాదం గుర్తొచ్చింది. కైరో తహ్రీర్ చౌక్‌లో ‘ఐష్, హుర్రియ్యా, అదాలా ఇజ్తిమాఇయ్యా’ అన్నారు: రొట్టె, స్వేచ్ఛ, సామాజిక న్యాయం. వరసలో రొట్టే ముందు.

ఉప్పుగాలి

మాస్టారూ, బహ్రెయిన్‌లో ఐష్ అంటే అన్నం! మా మెస్‌లో వడ్డించే అతను ‘ఐష్, ఐష్’ అంటూ బియ్యం బస్తా చూపించేవాడు.

బార్కస్ బాయ్

మా హైదరాబాద్‌లో ఐష్ అంటే మజా. పనీ పాటా లేకుండా తిరిగేవాణ్ణి ‘ఐష్ చేస్తున్నావ్’ అంటాం. మాట ఒక్కటే, అరబీలో బతుకు అని అర్థం. బతుకంటే ఈజిప్టువాడికి రొట్టె, గల్ఫ్‌వాడికి అన్నం, మాకు సోకు 😀

ఇంకోటి. చాలా దేశాల్లో అరిచిన నినాదం ‘అష్షఅబ్ యురీద్ ఇస్కాత్ అన్నిజాం’, జనం నిజాం కూలాలంటున్నారు అని. నిజాం అంటే వ్యవస్థ. మా ముత్తాత యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి ఓడెక్కి వచ్చింది నిజాం ఫౌజులో చేరడానికి. మా పేట పేరు బార్కస్ అంటేనే బ్యారక్స్. 2011లో టీవీలో ఆ నినాదం వింటూ మా తాత ‘మనం నిజాం ఉప్పు తిన్నాం రా, నువ్వు అరవకు’ అన్నాడు.

కొలిమి

తాతకి దండం.

మాస్టారు ఎత్తుకున్న రొట్టె ముచ్చట పూర్తి చేస్తా. ఈజిప్టులో రాయితీ రొట్టె ఒక్కోటి 5 పియాస్టర్లు (అక్కడి పైసలు) ఉండేది, 1980ల చివరి నుంచి ఎవరూ ముట్టుకోలేదు. 1977లో అప్పటి అధ్యక్షుడు సాదాత్ తిండి ధరలు పెంచితే ఊళ్లు తగలబడ్డాయి, రెండ్రోజుల్లో వెనక్కి తీసుకున్నాడు. ఆ భయం ముబారక్‌కీ ఉండేది. 2024 జూన్ 1న అధ్యక్షుడు సిసి ప్రభుత్వం దాన్ని ఒక్కసారిగా 20 పియాస్టర్లు చేసింది. వీధుల్లో చీమ చిటుక్కుమనలేదు. అధికారం ఎక్కడికి చేరిందో చెప్పడానికి నాకు ఇంతకంటే పెద్ద గుర్తు అక్కర్లేదు. 2012 అధ్యక్ష ఎన్నికల్లో 51.7 శాతంతో గెలిచిన ముర్సీ, తానే ఎంచుకున్న రక్షణ మంత్రి సిసి చేతిలో 2013 జులై 3న దిగిపోయాడు. ఆగస్టు 14న ముర్సీ మద్దతుదారులు కూర్చున్న కైరో రాబియా కూడలిలో ఒక్కరోజులో కనీసం 817 మందిని చంపారని హ్యూమన్ రైట్స్ వాచ్ లెక్క కట్టింది. అలాంటి రోజు ఒకటి చూసిన ఊరు రొట్టె కోసం మళ్లీ రోడ్డెక్కాలంటే గుండె ఎంత గట్టిదై ఉండాలి?

పసుపు చేను

ఇదంతా చూస్తే మన రాష్ట్రాల ఉద్యమాలు కూడా…

మోడరేటర్

వద్దు. దానికి వేరే చర్చలు పద్నాలుగు నడుస్తున్నాయి, అందులో మూడింటికి తాళం వేశాను. ఇక్కడ అరబ్ దేశాలే.

పైపు ఫిట్టర్

నా వంతు. 2011 ఫిబ్రవరిలో నేను లిబియాలో ఉన్నాను, ట్రిపోలీకి దగ్గర్లో పైపులైన్ పని. మన ప్రభుత్వం విమానాలు, ఓడలు పంపి సుమారు 15,000 మందిని తెచ్చింది, అందులో నేనొకణ్ణి. ఎయిర్‌పోర్ట్ బయట మూడు రాత్రులు దుప్పటి కప్పుకుని చలిలో వానలో పడున్నాం. లోపలికి పోవాలంటే చేతిలో కాగితం ఉండాలి.

ఆ మూడు రాత్రుల్లో నాకు కనిపించింది రంగు. మన మొహాలు చూసి ‘హిందీ, హిందీ’ అని వదిలేసేవాళ్లు. నల్లజాతి కూలీలు, ఘనా, నైజర్, చాద్ నుంచి వచ్చినవాళ్లు, మా కంటే ఎక్కువ భయపడ్డారు. గడాఫీ నల్లవాళ్లని కిరాయి సైనికులుగా దించాడని పుకారు. ఒక్కొక్కడూ కాగితాలు నోట్లో పెట్టుకున్నంత పనిగా గుండెకి హత్తుకుని కూర్చున్నాడు. ఇంటికొచ్చాక చదివాను: తవర్ఘా అనే ఊళ్లో ఎక్కువమంది నల్ల లిబియన్లు. గడాఫీ పక్షాన ఉన్నారని, అతన్ని ఎదిరించిన మిస్రాతా పట్నం దళాలు ఆగస్టులో ఆ ఊరు మొత్తాన్ని, సుమారు 40,000 మందిని, తరిమేశాయి. ఏళ్ల తరబడి ఊరు పాడుబడి ఉండిపోయింది. వాళ్లూ లిబియన్లే. స్వేచ్ఛ వచ్చిన నెలలోనే ఊరు పోయింది.

ఇప్పుడక్కడ తూర్పున ఒక ప్రభుత్వం, పడమట ఒక ప్రభుత్వం. 2021 డిసెంబరులో జరగాల్సిన ఎన్నికలు ఈ రోజుకీ జరగలేదు. నాకు రావాల్సిన నాలుగు నెలల జీతం ఎవర్ని అడగాలో కూడా తెలియదు.

నల్ల కోటు

ఫిట్టర్ గారూ, లిబియాలోనే దీనికి ఎదురు కథా ఉంది. గడాఫీ లెక్కలో లిబియాలో అందరూ అరబ్బులే. అక్కడి మూలవాసులైన అమాజిగ్‌ల (బెర్బర్ల) భాషలో చదువు లేదు, పిల్లలకి ఆ పేర్లు పెట్టడం కూడా కుదిరేది కాదు. 2011 తర్వాత నఫూసా కొండల్లో, జువారాలో బడుల్లో ఆ భాష చెప్పడం మొదలుపెట్టారు. మొరాకో రాజు ఇంకా తెలివైనవాడు. ఫిబ్రవరి 20న జనం రోడ్డెక్కితే జులైకల్లా కొత్త రాజ్యాంగం తెచ్చి అమాజిగ్‌ని అధికార భాష చేశాడు. బడుల మీద, ఆఫీసుల మీద ఆ భాష లిపి అయిన తిఫినాగ్ గుండ్రటి అక్షరాలు వచ్చేశాయి. సైన్యం, మతం, పెద్ద నిర్ణయాలు రాజు దగ్గరే ఉన్నాయి.

కొలిమి

అడిగింది కుర్చీ, ఇచ్చింది బోర్డు.

నల్ల కోటు

బోర్డు చిన్నదేం కాదండీ. తన భాషలో బడి పేరు ఎన్నడూ చూడనివాళ్లని అడగండి. అల్జీరియాలో 2019లో అధ్యక్షుడు బూతెఫ్లికాని దించిన అదే ఉద్యమంలో అమాజిగ్ జెండా పట్టుకున్నారని కుర్రాళ్లని జైల్లో పెట్టారు. అక్కడ ఆ భాషకి అప్పటికే మూడేళ్లుగా అధికార హోదా ఉంది మరి! భాష ఉండొచ్చట, జెండా ఉండకూడదట.

బార్కస్ బాయ్

జెండా, నాణెం అంటున్నారు కాబట్టి యెమెన్ నోట్ల సంగతి చెప్తాను. ఉప్పుగాలి అన్నకి నచ్చుతుంది.

2014 సెప్టెంబరులో ఉత్తరాది తిరుగుబాటుదారులైన హూతీలు రాజధాని సనా పట్టుకున్నారు. ప్రభుత్వం ఏడెన్‌కి పోయింది. 2015 మార్చిలో సౌదీ బాంబులు మొదలయ్యాయి. అప్పుడు మన నేవీ, ఎయిరిండియా కలిసి 4,600 మందికి పైగా మనవాళ్లని, వాళ్లతోపాటు 900 మందికి పైగా విదేశీయుల్ని బయటికి తెచ్చాయి. 2012లో దిగిపోయిన సాలిహ్ తన పాత శత్రువులైన ఆ హూతీలతోనే చేతులు కలిపాడు. 2017 డిసెంబరులో వాళ్లని వదిలి సౌదీ వైపు మళ్లబోతే వాళ్లే చంపేశారు.

ఏడెన్ ప్రభుత్వం కొత్త నోట్లు అచ్చేసింది. 2019 డిసెంబరులో హూతీలు వాటిని నిషేధించారు. దాంతో సనా వైపు పాత నోట్లే, చిరిగి, మాసి, టేపు అతికించుకుని తిరిగాయి. ఒకే దేశం, ఒకే రియాల్ పేరు, రెండు రేట్లు. సనాలో డాలర్‌కి 530 చిల్లర, ఏడెన్‌లో ఒక దశలో 2,000 దాటింది. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి డబ్బు పంపితే విదేశానికి పంపినట్టు కమీషన్. 2024లో సనావాళ్లు 100 రియాళ్ల నాణెం సొంతంగా కొట్టించారు.

మా హద్రమౌత్ చుట్టాలని ఫోన్లో ‘మీరిప్పుడు ఉత్తరమా దక్షిణమా’ అని అడిగితే ఒకే జవాబు, ‘మేం హద్రమీలం’. 1990 దాకా రెండు దేశాలు, తర్వాత ఒకటి, 1994లో యుద్ధం, ఇప్పుడు ఎన్నో లెక్కపెట్టడం మానేశారు. మా ఇంట్లో మాత్రం పెళ్లిలో మర్ఫా డప్పులు మోగితే అందరం యెమెనీలమే. ఆ ఐదు నిమిషాలే.

లెక్కల మాస్టారు

సిరియా ఎవరూ ఎత్తుకోలేదు. నాకు టైపింగ్ చేతకాదు, అయినా కొంచెం.

2011లో దరా పట్నంలో బడిపిల్లలు గోడ మీద ‘నీ వంతు వచ్చింది డాక్టర్’ అని రాశారు. అసద్ కంటి డాక్టరు కదా. పిల్లల్ని పట్టుకుపోయి కొట్టారు. అక్కడ మొదలైంది. ఏప్రిల్లో అసద్ హడావుడిగా ఒక పని చేశాడు. 1962 జనాభా లెక్కల్లో లక్ష మందికి పైగా కుర్దులని ‘విదేశీయులు’గా రాసి పౌరసత్వం తీసేశారు. వాళ్లలో చాలామందికి, వాళ్ల పిల్లలకి అప్పటికప్పుడు ఇచ్చేస్తూ ఆజ్ఞ జారీ చేశాడు. దాదాపు యాభై ఏళ్లు దొరకని కాగితం, వీధిలో గొడవ మొదలైన నెలలోపు దొరికింది. పదమూడేళ్ల యుద్ధం తర్వాత 2024 డిసెంబరు 8న అసద్ మాస్కో పారిపోయాడు. జెండాలో రెండు ఆకుపచ్చ నక్షత్రాలు పోయి మూడు ఎర్ర నక్షత్రాలు వచ్చాయి.

దేశం పేరు మాత్రం ‘సిరియన్ అరబ్ రిపబ్లిక్’ గానే ఉంచారు. అందులో ‘అరబ్’ తీసేయమని కుర్దులు అడుగుతూనే ఉన్నారు. 2025 మార్చిలో అసద్ తర్వాత అధ్యక్షుడైన అహ్మద్ అల్ షరా సంతకం పెట్టిన తాత్కాలిక రాజ్యాంగం ఇస్లామిక్ ధర్మశాస్త్రమే చట్టాలకి ప్రధాన ఆధారం అంది. ఆ సంతకానికి వారం ముందే సముద్రతీరం జిల్లాల్లో అలవీలని ఇళ్లలోంచి లాగి చంపారు. జులైలో స్వైదాలో డ్రూజ్‌ల (ఇంకో చిన్న మతవర్గం) వంతు వచ్చింది. ‘నువ్వెవరు, అలవీవా?’ అని అడిగి కాల్చారని బతికినవాళ్లు చెప్పారు. ఉప్పుగాలి గారి చెక్‌పోస్టు ప్రశ్నే అది. మనామాలో అరగంట నిలబెట్టారు, ఇక్కడ ప్రాణం తీశారు.

పసుపు చేను

అయితే అసలు రోడ్డెక్కకుండా ఉంటేనే బాగుండేదా?

నల్ల కోటు

అసద్ పడిపోయాక సిరియాలో అతని సెద్నాయా జైలు తలుపులు తెరిచిన రోజు, లోపల కొడుకు పేరు వెతుక్కుంటూ రిజిస్టర్లు తిరగేసిన తల్లుల వీడియోలు చూశారా? వాళ్లని అడగాలి ఆ ప్రశ్న. నేను జవాబివ్వను.

ఉప్పుగాలి

అందరికీ థ్యాంక్స్. ఇంత వస్తుందనుకోలేదు. నాణెం మా అమ్మాయికి చూపిస్తే ‘ఇదేంటి నాన్నా, ఫ్యానా?’ అంది. తెరచాపలు అని చెప్పాను. ఒక పాత నాణేలవాణ్ణి అడిగితే కొంటానన్నాడు. ఇవ్వబుద్ధి కాలేదు.

బార్కస్ బాయ్

అమ్మకు అన్నా. ఆదివారం బార్కస్ వైపు వస్తే హరీస్ తిందాం. మా చుట్టం పంపిన సనా నోటు ఒకటి నా దగ్గరుంది, పక్కపక్కన పెట్టి ఫొటో తీద్దాం. నోటుని మాత్రం మెల్లగా పట్టుకోవాలి, టేపు ఊడిపోతోంది.